కాంతి ఉత్ప్రేరణలో లోహ నానోకణాలు – అర్ధవాహకాల కలయిక: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సూర్యకాంతి సాయంతో నీటిలోని సేంద్రియ కాలుష్యాలను విచ్ఛిన్నం చేయడం, నీటి నుంచి హైడ్రోజన్‌ను రాబట్టడం కాంతి ఉత్ప్రేరణ పరిశోధనలో రెండు ప్రధాన లక్ష్యాలు. ఇందుకు విస్తృతంగా వాడే టైటానియం డైఆక్సైడ్ వంటి అర్ధవాహకాలకు రెండు పరిమితులున్నాయి. అవి సూర్యకాంతిలో స్వల్పభాగాన్నే వాడుకోగలవు. కాంతి వల్ల పుట్టిన విద్యుదావేశాలు పనిచేసేలోగానే తిరిగి కలిసిపోతాయి. అర్ధవాహకం మీద లోహ నానోకణాలను నిలపడం ఈ రెండు పరిమితులకూ ఒక పరిష్కారం. అయితే లోహం చేసే పని అన్ని సందర్భాల్లోనూ ఒకటి కాదు. పడే కాంతిని బట్టి ఎలక్ట్రాన్ల ప్రవాహదిశే మారుతుంది. ఈ సూత్రాన్ని వివరించి, తెలుగు ప్రాంతాల్లో జరిగిన పరిశోధనలను పరిచయం చేసి, రంగునీటి ప్రయోగాల ఫలితాలను అన్వయించడంలో పాటించవలసిన జాగ్రత్తలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కాంతి ఉత్ప్రేరణ, అర్ధవాహకం, లోహ నానోకణం, ప్లాస్మాన్ అనునాదం, టైటానియం డైఆక్సైడ్, వ్యర్థజలాలు, భిక్నూర్.

1. ఉపోద్ఘాతం:

కామారెడ్డి జిల్లాలో 44వ జాతీయ రహదారి మీద ఉన్న భిక్నూర్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణం ఉంది. ఒకప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ పీజీ కేంద్రంగా ఉన్న ఈ ప్రాంగణం, 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాతి కాలంలో దానిలో భాగమైంది. భిక్నూర్ వంటి గ్రామీణ ఉన్నత విద్యాకేంద్రాలకు కాంతి ఉత్ప్రేరణ అందుబాటులో ఉన్న పరిశోధనాంశం. ఏడాదిలో ఎక్కువ నెలలు నిండుగా ఎండ ఉంటుంది. టైటానియం డైఆక్సైడ్ పొడి ఖరీదైనది కాదు. ఒక రంగునీటి ద్రావణం, రంగు గాఢతను కొలిచే వర్ణపటమాపకం ఉంటే ప్రాథమిక ప్రయోగం మొదలుపెట్టవచ్చు. ప్రయోగం సులభమైనంత మాత్రాన దాని ఫలితాన్ని అన్వయించడం సులభం కాదు. ఆ అన్వయంలోనే పరిశోధకుడి బాధ్యత ఉంటుంది.

ఈ బాధ్యత ఎంత పెద్దదో తెలియడానికి తెలంగాణలోనే ఒక ఉదాహరణ ఉంది. నాటి మెదక్ జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు వద్ద సుమారు 90 ఔషధ తయారీ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించింది. 2007లో ప్రచురించిన ఆ అధ్యయనం ప్రకారం, శుద్ధి అనంతరం కూడా ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన గాఢత ఇది. ఇలాంటి నీటిలో మందులకు లొంగని బాక్టీరియా వృద్ధిచెందే ప్రమాదం ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్ ఈ గాఢతలో నీటికి రంగునివ్వదు. అది ఉన్న నీరూ లేని నీరూ కంటికి ఒకేలా కనిపిస్తాయి. కాంతి ఉత్ప్రేరకాల సామర్థ్యాన్ని నిరూపించడానికి ఎక్కువగా వాడేది మాత్రం రంగు పోవడాన్నే. ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా ఉత్ప్రేరకంలో ఏం జరుగుతుందో తెలియాలి.

2. అర్ధవాహకంపై కాంతి ప్రభావం:

2.1. ఎలక్ట్రాన్ – రంధ్రం:

‘అర్ధవాహకం’ అన్న మాటను బట్టి అది విద్యుత్తును సగం మాత్రమే ప్రసరింపజేసే పదార్థమని అనుకునే అవకాశం ఉంది. అసలు లక్షణం వేరు. అర్ధవాహకంలో ఎలక్ట్రాన్లు నిండిన సంయోజక పట్టీకి, దాదాపు ఖాళీగా ఉన్న వహన పట్టీకి మధ్య ఒక శక్తి అంతరం ఉంటుంది. ఆ అంతరానికి సమానమైన లేదా అంతకు మించిన శక్తి గల కాంతి పడినప్పుడు ఒక ఎలక్ట్రాన్ కింది పట్టీ నుంచి పై పట్టీకి చేరుతుంది. అది వదిలివెళ్ళిన స్థానాన్ని ‘రంధ్రం’ అంటారు. ఇది పదార్థంలో పడ్డ చిల్లు కాదు. ఎలక్ట్రాన్ లేకపోవడం వల్ల ధనావేశంలా ప్రవర్తించే స్థానం.

ఇలా పుట్టిన జంట కణం ఉపరితలానికి చేరితే రెండు పనులు జరుగుతాయి. ఎలక్ట్రాన్‌ను నీటిలో కరిగిన ఆక్సిజన్ గ్రహించి సూపర్‌ఆక్సైడ్‌గా మారుతుంది. ఇది క్షయకరణం. రంధ్రం నీటి అణువు నుంచి గాని, ఉపరితలంపై ఉన్న హైడ్రాక్సిల్ సమూహం నుంచి గాని ఎలక్ట్రాన్‌ను లాక్కుని హైడ్రాక్సిల్ స్వేచ్ఛా ప్రాతిపదికను ఏర్పరుస్తుంది. ఇది ఆక్సీకరణం. ఈ ప్రాతిపదిక అత్యంత చురుకైనది. దాదాపు ఏ సేంద్రియ అణువునైనా ముక్కలు చేయగలదు. ఈ చర్యలు చివరి వరకు సాగితే కాలుష్య పదార్థం కార్బన్ డైఆక్సైడ్, నీరు, నిరింద్రియ అయాన్లుగా మారుతుంది. దీన్నే ఖనిజీకరణం అంటారు.

2.2. శోషణం – అధిశోషణం:

ఈ ప్రక్రియను తెలుగులో వివరించేటప్పుడు రెండు మాటల భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఉత్ప్రేరకం కాంతిని లోపలికి గ్రహించడం శోషణం. కాలుష్య అణువు ఉత్ప్రేరకం ఉపరితలాన్ని అంటిపెట్టుకోవడం అధిశోషణం. ‘అధి’ అనే ఉపసర్గ ‘పైన’ అన్న అర్థాన్ని ఇస్తూ ఈ భేదాన్ని చక్కగా నిలుపుతుంది. చీకట్లో కూడా పొడి ఉపరితలానికి అంటుకుని కొంత రంగు నీటి నుంచి మాయమవుతుంది. అది అధిశోషణమే తప్ప విచ్ఛిన్నం కాదు. ఈ రెండింటినీ కలిపి లెక్కించడం ప్రయోగాల్లో దొర్లే తొలి పొరపాటు.

2.3. రెండు పరిమితులు:

ఎనటేజ్ రూపంలోని టైటానియం డైఆక్సైడ్ శక్తి అంతరం సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే సుమారు 388 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతి మాత్రమే దానికి పనికివస్తుంది. భూమిని చేరే సూర్యకాంతి శక్తిలో అతినీలలోహిత భాగం 5 శాతం మించదు. ఎంత ఎండ ఉన్నా అందులో అధికభాగం ఈ తెల్లని పొడికి అక్కరకు రాదు. ఇది మొదటి పరిమితి.

రెండవది పునఃసంయోగం. పుట్టిన ఎలక్ట్రాన్లు, రంధ్రాలలో ఎక్కువ భాగం అతి స్వల్పకాలంలోనే మళ్ళీ కలిసిపోతాయి. అప్పుడు గ్రహించిన కాంతిశక్తి వేడిగా వృథా అవుతుంది. లోహ నానోకణాల అవసరం ఈ రెండు పరిమితుల వద్దే మొదలవుతుంది.

3. లోహం చేరడం వల్ల వచ్చే మార్పు:

3.1. చారిత్రక నేపథ్యం:

1972లో జపాన్ శాస్త్రవేత్తలు అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా టైటానియం డైఆక్సైడ్ ఎలక్ట్రోడ్‌పై కాంతిని ప్రసరింపజేసి నీటిని విడగొట్టవచ్చునని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఆ అమరికలో రెండవ ఎలక్ట్రోడ్ ప్లాటినం. టైటానియం డైఆక్సైడ్ వద్ద ఆక్సిజన్, తీగ ద్వారా ఎలక్ట్రాన్లు చేరిన ప్లాటినం వద్ద హైడ్రోజన్ వెలువడ్డాయి. 1978లో బెర్న్‌హార్డ్ క్రాయిట్లర్, అలెన్ బార్డ్ టైటానియం డైఆక్సైడ్ పొడి మీద కాంతి సాయంతోనే ప్లాటినాన్ని నిక్షేపించే పద్ధతిని వివరించారు. దీనితో మధ్యలో తీగ అవసరం లేకుండా పోయింది. లోహం అంటుకున్న ప్రతి రేణువూ రెండు ఎలక్ట్రోడ్లూ కలిసిన ఒక సూక్ష్మ విద్యుత్ రసాయన ఘటంగా మారింది.

3.2. అతినీలలోహిత కాంతిలో – ఎలక్ట్రాన్లు లోహంలోకి:

లోహం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన కనీస శక్తిని పని ప్రమేయం అంటారు. ప్లాటినంకు ఇది 5.6 ఎలక్ట్రాన్ వోల్టులకు, బంగారానికి 5.1కి దగ్గరగా ఉంటుంది. టైటానియం డైఆక్సైడ్‌కు అంతకంటే తక్కువ. రెండూ ఒకదానికొకటి తాకినప్పుడు రెండింటి శక్తిస్థాయులు సమం అయ్యేవరకు ఎలక్ట్రాన్లు అర్ధవాహకం నుంచి లోహంలోకి కదులుతాయి. ఫలితంగా అవి కలిసే తలం వద్ద షాట్కీ అవరోధం అనే శక్తిగట్టు ఏర్పడుతుంది.

అతినీలలోహిత కాంతిలో పుట్టిన ఎలక్ట్రాన్ లోహంలోకి చేరితే ఈ గట్టు దాన్ని తేలికగా వెనక్కు రానివ్వదు. చెరువు మత్తడి దాటిన నీరు తిరిగి చెరువులోకి ఎక్కలేనట్టే ఇక్కడా జరుగుతుంది. ఎలక్ట్రాన్ లోహం మీద, రంధ్రం అర్ధవాహకంలో వేరువేరుగా నిలుస్తాయి. పునఃసంయోగం తగ్గి, రసాయనచర్యకు వ్యవధి దొరుకుతుంది. పైగా ప్లాటినం ఉపరితలం హైడ్రోజన్ అణువులు ఏర్పడటానికి చాలా అనుకూలం. ఈ సందర్భంలో లోహం కాంతిని గ్రహించేది కాదు. ఎలక్ట్రాన్లను స్వీకరించి చర్యను నడిపేది.

3.3. దృశ్యకాంతిలో – ఎలక్ట్రాన్లు లోహం నుంచి:

బంగారాన్ని కొన్ని నానోమీటర్ల పరిమాణానికి తగ్గిస్తే దాని ద్రావణం పసుపుగా కాక కెంపు రంగులో కనిపిస్తుంది. 1857లో మైకేల్ ఫారడే ఇటువంటి ద్రావణాలను తయారుచేసి, వాటి రంగుకు బంగారపు అతిసూక్ష్మ రేణువులే కారణమని వివరించాడు. 1908లో గుస్తావ్ మీ ఈ రంగుకు గణిత సిద్ధాంతాన్ని అందించాడు. ఉయ్యాలను దాని ఊపుకు సరిపోయే వేళల్లో తోస్తే ఊపు పెరుగుతుంది. అదేవిధంగా లోహకణంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల సహజ డోలనానికి సరిపోయే కాంతి పడితే అవి మూకుమ్మడిగా ఊగి ఆ కాంతిని బలంగా గ్రహిస్తాయి. దీన్ని ప్లాస్మాన్ అనునాదం అంటారు. చిన్న గోళాకార కణాల్లో బంగారానికి ఇది సుమారు 520 నానోమీటర్ల వద్ద, వెండికి 400 నానోమీటర్ల దగ్గర కనిపిస్తుంది. కణం పరిమాణం, ఆకారం, చుట్టూ ఉన్న పదార్థాన్ని బట్టి ఈ విలువ మారుతుంది.

టైటానియం డైఆక్సైడ్‌కు అక్కరకు రాని దృశ్యకాంతి ఈ విధంగా బంగారానికి పనికివస్తుంది. ఆ డోలనం అణగిపోయేటప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లు అధికశక్తిని పొంది, షాట్కీ అవరోధాన్ని దాటి, అర్ధవాహకపు వహన పట్టీలోకి చేరతాయి. 2005లో యాంగ్ టియాన్, టెట్సు తత్సుమా బంగారం, టైటానియం డైఆక్సైడ్ కలయికలో ఇలాంటి ఆవేశ విభజనకు ప్రయోగపూర్వక ఆధారాలు చూపారు. 2008లో కోయిచి అవజు బృందం వెండి కణాలతో చేసిన అధ్యయనంలో ‘ప్లాస్మానిక్ కాంతి ఉత్ప్రేరణ’ అన్న వ్యవహారాన్ని ముందుకు తెచ్చింది.

గమనించవలసిన విషయం ఇది: అవే రెండు పదార్థాలు, అదే కలయిక. అతినీలలోహిత కాంతిలో ఎలక్ట్రాన్ టైటానియం డైఆక్సైడ్ నుంచి బంగారంలోకి వెళుతుంది. దృశ్యకాంతిలో బంగారం నుంచి టైటానియం డైఆక్సైడ్‌లోకి వస్తుంది. మొదటి సందర్భంలో క్షయకరణం లోహం మీద జరిగితే, రెండవ సందర్భంలో అర్ధవాహకం మీద జరుగుతుంది. కాబట్టి ‘లోహం వల్ల సామర్థ్యం పెరిగింది’ అన్న వాక్యం వాడిన కాంతి తరంగదైర్ఘ్యాన్ని చెప్పనంతవరకు అసంపూర్ణమే. సూర్యకాంతిలో రెండు రకాల కాంతీ ఉంటుంది. అందువల్ల కేవలం ఎండలో చేసిన ప్రయోగం ఏ మార్గం ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేదు.

3.4. పరిమాణం, మోతాదు:

లోహం ఎంత ఎక్కువగా ఉంటే అంత మేలన్న భావన సరికాదు. మోతాదు పెరిగేకొద్దీ లోహకణాలు అర్ధవాహకానికి చేరవలసిన కాంతిని అడ్డుకుంటాయి. ఎలక్ట్రాన్లు పోగుపడిన లోహకణం రంధ్రాలను కూడా ఆకర్షించి, తానే పునఃసంయోగ కేంద్రంగా మారవచ్చు. ప్లాటినం వంటి లోహాల విషయంలో బరువులో ఒక శాతం చుట్టుపక్కల, కొన్నిసార్లు అంతకంటే తక్కువలోనే, అనుకూల మోతాదు దొరకడం ఇందుకు నిదర్శనం. కణ పరిమాణం కూడా అంతే ముఖ్యం. స్థూలరూపంలో రసాయనికంగా మందకొడిగా ఉండే బంగారం, నానోకణాలుగా ఆక్సైడ్ల మీద నిలిచినప్పుడు అతి తక్కువ ఉష్ణోగ్రతలో సైతం కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరిస్తుందని మసతకే హరుత 1987లో చూపించారు. మొత్తం మీద ఫలితాన్ని నిర్ణయించేది లోహం విలువ కాదు. లోహమూ అర్ధవాహకమూ ఎంత సన్నిహితంగా, ఎంత తగుమాత్రంగా కలిశాయన్నదే.

4. తెలుగు ప్రాంతాల్లో పరిశోధన:

హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో వి. దుర్గాకుమారి, ఎం. సుబ్రహ్మణ్యం బృందం టైటానియం డైఆక్సైడ్‌ను జియోలైట్ల మీద నిలిపి, నీటిలోని ఫీనాల్, పారాక్లోరోఫీనాల్ విచ్ఛిన్నాన్ని అధ్యయనం చేసింది. ఇవి 2002 నుంచి ప్రచురితమయ్యాయి. ఇక్కడ జియోలైట్ లోహంలా ఎలక్ట్రాన్లను స్వీకరించదు. కాలుష్య అణువులను అధిశోషించుకుని ఉత్ప్రేరకానికి చేరువ చేస్తుంది. పునఃసంయోగాన్ని కాక, కాలుష్య అణువుకూ ఉత్ప్రేరకానికీ మధ్య దూరాన్ని తగ్గించే మార్గం ఇది.

అదే సంస్థ పరిశోధకులు టైటానియం డైఆక్సైడ్‌ను ప్యూమిస్ రాయి మీద స్థిరపరచి రంగులను, రంగు పరిశ్రమ వ్యర్థాలను విచ్ఛిన్నం చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. నానోపొడిని శుద్ధిచేసిన నీటి నుంచి వడగట్టడం కష్టం. రాయి మీద నిలిపితే ఆ ఇబ్బంది తీరుతుంది. ఆ మరుసటి ఏడాదే, ఇలా స్థిరపరచిన ఉత్ప్రేరకం దీర్ఘకాలం వాడితే చురుకుదనం కోల్పోతుందని కూడా వారు ఫ్రాన్స్ పరిశోధకుడు పియర్ బూల్‌తో కలిసి ప్రకటించారు. తాము రూపొందించిన పద్ధతి పరిమితిని తామే పరీక్షించి ప్రకటించడం పరిశోధక విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగినది.

కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎం. వి. శంకర్ బృందం టైటానియం డైఆక్సైడ్ నానో నిర్మాణాలను రాగి ఆక్సైడ్లతో కలిపి, గ్లిజరాల్ కలిపిన నీటి నుంచి సూర్యకాంతిలో హైడ్రోజన్ ఉత్పత్తిని అధ్యయనం చేసింది. ప్లాటినంతో పోలిస్తే రాగి ఎంతో చవక కాబట్టి మన విశ్వవిద్యాలయాలకు ఈ మార్గం ఆచరణయోగ్యం. అయితే రెండు వివరాలు విస్మరించరాదు. రాగి ఆక్సైడ్ లోహం కాదు, మరో అర్ధవాహకం. కాబట్టి ఇది రెండు అర్ధవాహకాల కలయిక. ఇక గ్లిజరాల్ ఇక్కడ రంధ్రాలను వినియోగించుకుంటూ తాను ఆక్సీకరణం చెందుతుంది. అందువల్ల దీన్ని శుద్ధజలాన్ని హైడ్రోజన్, ఆక్సిజన్లుగా విడగొట్టే ప్రక్రియతో సమానంగా లెక్కించకూడదు.

5. రంగు పోవడం – శుద్ధి కావడం:

కళాశాల ప్రయోగశాలల్లో కాంతి ఉత్ప్రేరణను పరీక్షించడానికి ఎక్కువగా వాడేది మిథిలీన్ బ్లూ. అతినీలలోహిత కాంతిలో పరీక్షకు దీన్ని వాడే అంతర్జాతీయ ప్రమాణం, ఐ.ఎస్.ఓ. 10678, కూడా ఉంది. దృశ్యకాంతి విషయంలో మాత్రం చిక్కులున్నాయి.

మొదటిది, మిథిలీన్ బ్లూ స్వయంగా దృశ్యకాంతిని గ్రహిస్తుంది. అలా ఉత్తేజితమైన రంగు అణువు తన ఎలక్ట్రాన్‌ను టైటానియం డైఆక్సైడ్‌కు ఇచ్చి తానే నశించవచ్చు. అప్పుడు పని చేసింది ఉత్ప్రేరకం గ్రహించిన కాంతి కాదు, రంగు గ్రహించిన కాంతి. రంగులేని కాలుష్యానికి ఈ మార్గం వర్తించదు. దృశ్యకాంతి ఉత్ప్రేరకాల పరీక్షకు మిథిలీన్ బ్లూ తగినదేనా అని బున్షో ఓహ్తాని తదితరులు 2006లోనే ప్రశ్నించారు. రెండవది, మిథిలీన్ బ్లూ క్షయకరణం చెందినా రంగును కోల్పోతుంది. గాలి తగిలితే ఆ నీలిరంగు మళ్ళీ వస్తుంది. అణువు ముక్కలు కాలేదు, రూపం మాత్రమే మార్చుకుంది.

పటాన్‌చెరు ఉదాహరణను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. నీలిరంగును గంటలో పోగొట్టిన ఉత్ప్రేరకం సిప్రోఫ్లాక్సాసిన్‌ను కూడా పోగొడుతుందన్న హామీ లేదు. ఆ మందు అణువు విరిగినా, మిగిలిన ముక్కల్లో మందుగుణం ఉందో లేదో బాక్టీరియాపై పరీక్షించినప్పుడే తెలుస్తుంది. కాబట్టి వ్యర్థజల శుద్ధికి సంబంధించిన నిర్ధారణ చేసేముందు ఈ పరీక్షలు అవసరం:

1. కాంతి లేకుండా, అధిశోషణం స్థిరపడే వరకు వేచి చూసి, ఆ తరుగుదలను విడిగా నమోదు చేయడం.
2. ఉత్ప్రేరకం లేకుండా కాంతి మాత్రమే ప్రసరింపజేసిన ప్రయోగం, లోహం లేని అర్ధవాహకంతో చేసిన ప్రయోగం పక్కపక్కన చూపడం.
3. అతినీలలోహిత భాగాన్ని వడపోసి, దృశ్యకాంతిలో మాత్రమే ప్రయోగాన్ని పునరావృతం చేయడం.
4. రంగుతోపాటు రంగులేని పదార్థంతో కూడా పరీక్షించడం; నీటిలో మిగిలిన మొత్తం సేంద్రియ కార్బన్‌ను కొలవడం.
5. అదే ఉత్ప్రేరకాన్ని పలుమార్లు వాడి చూడటం. నీటిలోకి కరిగివచ్చిన లోహాన్ని కొలవడం. వెండి, రాగి అయాన్లు జలచరాలకు హానికరం కాబట్టి ఇది తప్పనిసరి.
6. శుద్ధజలంలో వచ్చిన ఫలితాన్ని లవణాలు, ఇతర సేంద్రియ పదార్థాలు కలిసిన అసలు వ్యర్థజలంలోనూ పరీక్షించడం. క్లోరైడ్, కార్బొనేట్ అయాన్లు హైడ్రాక్సిల్ ప్రాతిపదికలను హరిస్తాయి.

వీటిలో మొదటి మూడింటికి, అయిదవదానిలోని పునర్వినియోగ పరీక్షకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. సేంద్రియ కార్బన్, లోహ అయాన్ల కొలతలకు సౌకర్యం లేని ప్రాంగణాలు హైదరాబాదులోని జాతీయ సంస్థల సహకారం తీసుకోవచ్చు. ఆ కొలత జరగనప్పుడు ‘నీరు శుద్ధమైంది’ అని కాక, ‘రంగు తగ్గింది’ అని రాయడమే సరైన పద్ధతి.

ఈ ప్రక్రియకు మౌలికమైన హద్దు కూడా ఒకటుంది. కాంతి ఉత్ప్రేరణ అణువులను విడగొడుతుంది గాని మూలకాలను నాశనం చేయదు. నల్లగొండ ప్రాంతపు నీటిలోని ఫ్లోరైడ్ సమస్యకు ఇది పరిష్కారం కాదు. ఫ్లోరైడ్ ఇప్పటికే నిరింద్రియ అయాన్. దాన్ని నీటి నుంచి వేరుచేయవలసిందే.

6. ముగింపు:

లోహ నానోకణం, అర్ధవాహకం కలయిక రెండు భిన్నమైన పనులు చేయగలదు. అతినీలలోహిత కాంతిలో లోహం ఎలక్ట్రాన్లను స్వీకరించి పునఃసంయోగాన్ని తగ్గిస్తుంది. దృశ్యకాంతిలో తానే కాంతిని గ్రహించి ఎలక్ట్రాన్లను అర్ధవాహకానికి అందిస్తుంది. ఏ కాంతిలో, ఏ దిశలో, ఎంత మోతాదు లోహంతో ఈ పని జరిగిందో చెప్పినప్పుడే పరిశోధన ఫలితానికి విలువ ఉంటుంది. హైదరాబాదు, కడపలలో జరిగిన పరిశోధనలు చవకైన ఆధారాలతో, లోహానికి ప్రత్యామ్నాయాలతో ఈ రంగంలో పనిచేయవచ్చునని చూపాయి. భిక్నూర్ వంటి ప్రాంగణాలకు ఎండ, టైటానియం డైఆక్సైడ్ పొడి, రంగునీరు అందుబాటులోనే ఉన్నాయి. వాటికి తోడుగా చీకటి పరీక్ష, లోహం లేని పరీక్ష, రంగులేని పదార్థంతో పరీక్ష చేరినప్పుడు అక్కడి చిన్న ప్రయోగం కూడా పటాన్‌చెరు వంటి పెద్ద సమస్యకు నమ్మదగిన సమాచారాన్ని అందించగలదు.